ఐదో తరగతిలో బండల పంపకం

ఆ రోజుల్లో నాకు రెండే ఆస్తులు. ఒకటి, కడప ట్రైనింగు స్కూల్లో రాసుకున్న మనస్తత్వశాస్త్రం నోట్సు. రెండోది, ఒకచోట కుదురుగా నిలవని నా కాళ్లు. మొదటిదాన్ని చూసుకుని పిల్లల మనసులు నాకు కొట్టిన పిండి అనుకునేవాడిని. రెండోదాని పుణ్యమా అని పాఠం చెబుతున్నంతసేపూ ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉండేవాడిని. "ఏమప్పా, గానుగెద్దు మాదిరి తిరుగుతాండావు? రోంతసేపు కూసోగూడదా?" అనేవారు మా హెడ్మాస్టరు. (ఆయన కూర్చున్నారంటే మళ్లీ గంట కొట్టేదాకా లేచేవారు కాదు. అది వేరే సంగతి.) కూర్చుందామంటే నాకు భయం. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, వచ్చే నెల ఇన్‌స్పెక్టరు వస్తాడు, నా ఐదో తరగతికి విస్తీర్ణం లెక్క ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కడం లేదు.

బడి ఎర్రగుంట్లకు అవతల ఒక పల్లెలో. చుట్టూ రాతి గనులే కాబట్టి గోడలు మట్టివైనా నేల మాత్రం నున్నని నల్ల నాపబండలు. పిల్లల్లో సగం మందికి పలకల్లేవు, ఉన్నవి పగిలినవి. కాళ్లు నిలవకపోవడంలో నాకేమాత్రం తీసిపోనివాడు ఒకడుండేవాడు. గనిలో రాయి కొట్టే కూలీ కొడుకు, అందరూ మిడత అని పిలిచేవారు. ఇప్పుడు కిటికీ దగ్గరుంటే మరుక్షణం గుమ్మంలో ఉండేవాడు. "ఈ ఏడన్నా వీడు ఒకతాన కూసొని సదువుకోకుంటే నాతోపాటు గనికి పిల్సకపోతా అయ్యోరా" అని వాళ్ల నాయన చెప్పి వెళ్లాడు. హడావిడిగా నోట్సు తిరగేశాను. 'ఇది నాది' అనే భావం కలిగిస్తే పిల్లవాడికి ఏకాగ్రత దానంతటదే కుదురుతుందని రాసి ఉంది. ఇంకేం! మర్నాడే నేలమీది బండలను పిల్లలకు పంచేశాను. ఒక్కో బండ మూల సున్నంతో ఒక్కో పేరు రాశాను. కూర్చున్నా, సుద్దముక్కతో రాసుకున్నా ఎవరి బండ మీద వాళ్లే.

రెండు రోజులు నా అంత మొనగాడు జిల్లాలోనే లేడనుకున్నాను. పిల్లలు గంట కొట్టకముందే వచ్చి తడిగుడ్డతో బండలు తుడుచుకునేవారు. మిడతైతే కిటికీ కింద తన బండ మీద మఠం వేసుకుని కదలడే! మూడో రోజు తగాదాలు మొదలయ్యాయి. "అయ్యోరా, వీని కాలు నా బండలోకి వచ్చినాది." "నేను సందులో పెట్నా. సందు నీ సొమ్మా?" ఒకడు తన బండలో సగం చింతకాయలకు కౌలుకిచ్చాడు. ఇంకొకడు గట్టు వేస్తానని దోసిలితో మట్టి తెచ్చాడు. పొలం గట్ల దగ్గర తలలు పగిలే సీమలో, పసిపిల్లలకు హద్దులు గీసిచ్చిన ఘనత నాది. (ఈ ముక్క నోట్సులో లేదు.)

నాలుగో రోజు పెద్దరెడ్డి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బడికి స్థలమిచ్చిందీ ఆయనే, ఇన్‌స్పెక్టరుకు భోజనం పెట్టేదీ ఆయనే. ఆయన కొడుక్కి గుమ్మం పక్క సన్నటి బండ వచ్చింది, మిడతకేమో వెడల్పుది. ఆ దిగులుతో రెడ్డి కొడుకు పొద్దున సద్ది కూడా ముట్టలేదట. "ఏమయ్యోరా, కూలోని కొడుక్కి అంత బండ, మావానికి పాము మాదిరి సన్నబండా? మార్చు. ల్యాకుంటే ఇన్‌స్పెక్టరుతో నేనే మాట్లాడాల్సొస్తాది." నోట్సంతా ఒక్కసారిగా మరిచిపోయాను. "మారుస్తా రెడ్డిగారూ, ఇప్పుడే మారుస్తా" అన్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

సున్నం గిన్నె పట్టుకుని, ముఖంలోకి చూడకుండా మిడత ముందు నిలబడ్డాను. వాడు లేవలేదు. "ఎవరిది పెద్దదో కొల్చినారా అయ్యోరా? మా నాయన కంటితో చూసి చెప్పడు. పొడుగూ కొల్చాల, అడ్డమూ కొల్చాల" అంటూ జానలతో తన బండ కొలిచాడు. అటు ఆరు, ఇటు ఆరు. ఒక్క గెంతుతో గుమ్మం దగ్గరికి పోతే రెడ్డి కొడుకు వాడి చెయ్యి తోసేసి, "నాది నేనే కొల్చుకుంటా" అన్నాడు. పొడుగు పది, అడ్డం నాలుగు. (ఇద్దరి జానలూ ఒకటేనా అని అరిచిన బుద్ధిమంతుణ్ని నేనే కూర్చోబెట్టాను.) తరగతంతా ఎక్కాలు గొణుగుతోంది. నెల రోజులుగా నేను గొంతు చించుకున్న లెక్క అది! రెడ్డి కొడుకే ముందు కేకేశాడు. "నాయనా, నాది నలభై! వానిది ముప్పయ్యారే! నేను మార్చుకోను!" పెద్దరెడ్డి కొడుకు వంక, బండ వంక చూసి, "అట్లయితే ఉండనీలే" అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

నా ఉద్యోగానికొచ్చిన గండం తప్పింది. కానీ గుమ్మంలో నేనన్న మాట మిడత విన్నాడు. ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. మర్నాడు వెళ్లేసరికి నల్లబల్ల ముందు, నేను రోజూ తిరిగే చోట, ఒక బండ మూల సున్నంతో వంకరటింకరగా 'అయ్యోరు' అని రాసి ఉంది. ఎవరు రాశారని అడిగితే మిడత లేచి నిలబడ్డాడు.

"మీకు బండ ల్యాదు గదా అయ్యోరా. అందుకే ఎవరేమన్నా కదిలిపోతాండారు."

ఎవరూ నవ్వలేదు. నేను చెప్పులు విప్పి ఆ బండ మీద కూర్చున్నాను. "నిన్న నేను చేసింది తప్పురా" అన్నాను. చాలా బాధగా ఉండింది, చెప్పాక కొంచెం తేలికయింది. మిడత పెద్దమనిషి తరహాలో "ఊఁ" అని వెళ్లి తన చోట కూర్చున్నాడు. ఆ ఏడు వాడు గనికి పోలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కూడా నేను కింద కూర్చునే లెక్క చెప్పాను. కుర్చీ లేదా అని ఆయన అడిగితే, "ఇది మా అయ్యోరి బండ సార్" అని తరగతంతా ఒక్క గొంతుతో చెప్పింది.

పెన్షను తీసుకుంటున్న ఈ వయసులోనూ నేను వసారాలో తిరుగుతూనే ఉంటాను. "రోంతసేపు కూసోగూడదా?" అంటుంది మా ఆవిడ. కూర్చుందామనే ఉంటుంది. కానీ మా ఇంట్లో ఇప్పుడంతా అతుకుల్లేని సిమెంటు నేల. ఎక్కడ చూసినా ఒక్కటిగానే ఉంటుంది. ఇది నీ చోటు అని పేరు రాసిపెట్టడానికి మిడత లేడు.