టోకెన్ రింగుకి కట్టిన నల్లదారం

ఆటోనగర్‌లో పాత స్పేర్ పార్టుల కొట్టు నడిపేవాడికి మనుషుల మీద నమ్మకం తక్కువ. నాకు మరీ తక్కువ. ఎవరైనా ఇత్తడి ముక్క అమ్మకానికి తెస్తే, ఎక్కడ కాజేశాడా అని ముందు వాడి మొహం చూస్తాను.

అందుకే ఓ రిటైర్డ్ ఇంజన్ డ్రైవరు కంకిపాడులో మా ఇంటికొచ్చి మా నాన్న టోకెన్ రింగు ఇమ్మని అడిగినప్పుడు నాకు ఒళ్లు మండింది. నాన్న గుడివాడ లైన్లో ఓ చిన్న స్టేషన్‌కి మాస్టరు. రెండు వైపుల బళ్లూ ఒకే పట్టా మీద నడిచే సింగిల్ లైన్ రోజుల్లో, ముందు సెక్షన్లోకి, అంటే తర్వాతి స్టేషన్ దాకా వెళ్లడానికి అనుమతిగా ఓ ఇనుప బంతి ఇచ్చేవారు. దాన్ని తోలుసంచిలో పెట్టి, సంచికున్న పెద్ద బెత్తపు రింగుని కదిలే ఇంజన్‌కి అందించేవాడు నాన్న. డ్రైవరు రింగులోకి చెయ్యి దూర్చి లాక్కుపోయేవాడు. ఇప్పుడు రెండో లైను పడింది, టోకెన్లు పోయాయి. అక్కడి పాత స్టేషన్ గదిని కూల్చకుండా కాపాడి, అందులో ఆనాటి వస్తువులు పెడతామని ఈయన ఊరూరా తిరుగుతున్నాడు. రిటైరైన రోజు తోటివాళ్లు నాన్న చేతికిచ్చి పంపిన ఆ అరిగిన రింగు తప్ప, ఆయన గుర్తుగా మాకింకేం మిగల్లేదు.

ఇలాంటివి కొని హోటల్ గోడలకి తగిలించేవాళ్లు నాకు తెలుసు. మా ఆవిడ పోరు పడలేక ఇచ్చాను గానీ, ఇచ్చేముందు తోలుపట్టీ కింద కనపడకుండా ఓ నల్లదారం ముడేశాను. ఎక్కడ తేలినా పట్టుకోవచ్చని నా ఎత్తు.

నెల తర్వాత చెప్పాపెట్టకుండా స్టేషన్‌కి వెళ్లాను. గోడకి రింగుంది. తిప్పి చూశాను. దారం లేదు. కోపమొచ్చిన మాట నిజమే, నా అనుమానమే గెలిచిందని లోపల కాస్త సంతోషం కూడా వేసింది. మా రింగు ఎవరికి అమ్ముకున్నావని అక్కడే ఉన్న ఆ డ్రైవర్ని మొహం మీదే అడిగేశాను.

ఆయన తొణకలేదు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి విప్పాడు. అందులో నా నల్లదారం ఉంది.

"మీ రింగే అదండీ. దానికి వేరే ఏదీ కట్టకూడదు, పరుగు మీద అందుకునేటప్పుడు చేతికి చుట్టుకుంటుంది. మీ నాన్నగారు చూస్తే ఊరుకునేవారు కాదు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అనుమానంతో కట్టానని ఒప్పుకున్నాను.

"తెలుసండీ. ఆయన కూడా నన్ను నమ్మేవారు కాదు. ఓసారి బండి ఆగినప్పుడు, సంచి విప్పి బంతి మీది సెక్షన్ పేరు చూశానని అబద్ధం చెప్పాను. ఇంజనెక్కి విప్పించారు. అందులో ఉన్నది వెనక సెక్షన్ బంతి, నేను దింపిన సంచినే పోర్టరు పొరపాటున నాకు తిరిగిచ్చాడు. ఎదురుగా గూడ్సు వస్తోంది. ఆ రోజు ఆయన నా మాట నమ్ముంటే నేనిక్కడ ఉండేవాణ్ని కాదు."

నాన్న ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. దారం జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఎంతయినా నా బుద్ధి పోతుందా, వెనక్కొచ్చి రింగు మళ్లీ చేతిలోకి తీసుకుని, తోలు మీద దారం నొక్కుకున్న గీత కోసం వెతికాను.

నాకు బాగా కనపడాలని ఆయన కిటికీ తలుపు తెరిచాడు.