గుమ్మంలో పెండలం గడ్డలు

మెలేనైటే నర్సమ్మ టోంగాలోని మా దీవిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. నడిసముద్రంలో, ఊగే పడవలో రెండు కాన్పులు చేసింది. తట్టు సోకిన ఏడాది ఒక్క పసిబిడ్డను కూడా పోగొట్టుకోలేదు. అన్నిటికన్నా గొప్ప సంగతి ఇంకొకటుంది. చక్కెర జబ్బువాళ్ళు నలభైమందికి పైనే ఉన్న ఈ దీవిలో ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఆమె ఒక్కరి కాలూ పోనివ్వలేదు. పక్క దీవులవాళ్ళు నమ్మకపోతే, వచ్చి మా కాళ్ళు లెక్కపెట్టుకోమనేవాళ్ళం.

ఆమె పద్ధతే వేరు. రోగి కార్డు మీద చక్కెర ఎంతుందో రాసేముందు, "నీకేం చెయ్యాలనుంది?" అని అడిగేది. ఏం చెబితే అది కార్డు పైగీతలో రాసేది. ముసలి సెలా, "చర్చిలో నిలబడి పాడాలి. కూర్చుని పాడితే నాది పిల్లిగొంతు" అంది. ఆ తర్వాత ఏ ఆదివారం విందులోనైనా సెలా చెయ్యి కొవ్వుమాంసం వైపు రెండోసారి పోతే చాలు, "నిలబడి పాడతావా, కూర్చుని తింటావా?" అని వెనకనుంచి గొంతు వినబడేది.

"నీ నోరు పడిపోనూ! నా నోటిదగ్గర కూడా కాపలాయేనా?" అని తిడుతూనే సెలా పళ్ళెం పక్కకు జరిపేది.

ఒక్క కార్డులో మాత్రం ఆ గీత ఖాళీగా ఉండిపోయింది. అది ఆమె తమ్ముడు హవిలిది.

మా టోంగావాళ్ళలో తమ్ముడికి అక్క అంటే ఇంట్లో అందరికన్నా పైమెట్టు. ఊహ తెలిశాక ఇద్దరూ ఒక గదిలో కూర్చోరు, ఒంటి సంగతులు మాట్లాడుకోరు. తొలిపంట అక్క గుమ్మంలో పెట్టందే తమ్ముడు నోట పెట్టుకోడు. హవిలి ఈ మర్యాద ఏనాడూ తప్పలేదు. లోపల అక్క ఉంటుందని ఆస్పత్రి మెట్లే ఎక్కేవాడు కాదు. మాత్రలు అతని భార్య లోసేలి వచ్చి తీసుకుపోయేది.

"ఎలా ఉన్నాడే?"

"బాగానే ఉన్నాడు వదినా. తోటకి పోతన్నాడు."

అంతకు మించి అడగడానికి ఆమెకూ నోరు రాలేదు. అడగాల్సిన అవసరమూ కనబడలేదు. ఏటేటా మగవాడి చెయ్యంత పొడుగు పెండలం గడ్డలు ఆమె గుమ్మంలోకి వచ్చేవి. "చూశారా, మా తమ్ముడి పంట!" అని దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చూపించేది. గడ్డలు వస్తున్నాయంటే మోసేవాడు బాగున్నట్టేనని ఆమె ధీమా.

నిరుడు కూడా వచ్చాయి, నాలుగు, అన్నిటికన్నా పెద్దవి. మెట్టు మీద నల్లటి మరక ఒకటి కనబడింది. బురదేలే అనుకుని నీళ్ళు పోసి కడిగేసింది.

రెండు రోజులకు లోసేలి వచ్చింది.

"వదినా, కట్టుగుడ్డ కాస్త ఇస్తావా?"

"ఎవరికి?"

లోసేలి నేల చూపులు చూసింది. "నేను చెప్పానని అనకు. తోటలో బొటనవేలికి పార తగిలింది, రెండు నెలలైంది. పద నర్సమ్మ దగ్గరికి అంటే, 'అక్క ముందు కాలు చాపమంటావా, సిగ్గులేదా నీకు' అని నామీద ఎగిరాడు."

"నడుస్తున్నాడా?"

"గడ్డలు మోసేదాకా నడిచాడు."

పెద్దయ్యాక మెలేనైటే తమ్ముడి గదిలో కాలు పెట్టింది ఆ రోజే. ఆమెను చూసి హవిలి పెరటి గుమ్మం వైపు లేవబోయాడు. లేవలేకపోయాడు. చాప లాక్కుని కాలు కప్పుకున్నాడు.

"బయటికి పో అక్కా. వాసన."

ఆమె చాప తీసేసి ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చీలమండదాకా నల్లబడి ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పెద్దాసుపత్రికి పడవలో తీసుకుపోతుంటే, ఊరందర్నీ అడిగిన మాట అప్పుడు అడిగింది. "హవిలీ, నీకేం చెయ్యాలనుందిరా?"

అతను సముద్రం వైపు తిరిగి చెప్పాడు. "ఏముంటుంది? వచ్చే ఏడు కూడా గడ్డలు నేనే మోసుకొచ్చి నీ గుమ్మంలో పెట్టాలి. ఆడమనిషి చేత పంపితే ఏం మర్యాద?"

"ఎవరడిగార్రా నీ గడ్డల్ని!"

"బలేదానివే! ఊరంతా పిలిచి చూపించుకునేదానివిగా" అని నవ్వాడు.

ఆమె సంచిలోంచి కార్డు తీసి, పడవ కుదుపులకు వంకరపోయే అక్షరాలతో పైగీత నింపింది.

డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు. విషం అప్పటికే పైకెక్కింది. తొమ్మిదో రోజు హవిలి పోయాడు.

శవం తలవైపు కూర్చోవడం మాలో అక్క హక్కు. ఆమెకోసం అక్కడ మేలైన చాపలు పరిచారు. మెలేనైటే ఆ చాపలు దాటుకుని పోయి కాళ్ళవైపు కూర్చుంది. పెద్దలు గొణిగారు. "అది నీ చోటు కాదమ్మా" అన్నాడు పాస్టరు. ఉన్న ఒక్క పాదాన్ని రెండు చేతులా పట్టుకుని, పూడ్చేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇప్పుడు తనకు అన్నదమ్ముల వరసయ్యేవాళ్ళ కాళ్ళు చూడడానికి నెలకొకసారి పక్క దీవి నర్సును పిలిపిస్తోంది. మేమింకా పక్క దీవులవాళ్ళకు ఆమె గొప్పలు చెబుతూనే ఉంటాం. పడవలో కాన్పులు, తట్టు సోకిన ఏడు, అన్నీ చెబుతాం. కాళ్ళ సంగతి ఎత్తేసరికి ఆమే అడ్డుపడుతుంది.

"తప్పు చెప్పకండి. ఒకటి పోయింది" అని, ఖాళీ గుమ్మం వైపు చూస్తుంది.