పచ్చకొమ్మ

యుద్ధం రోజుల్లో మాచర్ల స్టేషన్లో రైలు ఆలస్యమైతే ఊరి చివరి చిట్టడివిలోకి నడిచాను. కముజుపిట్టల కూతలు తప్ప అలికిడి లేదు. అడవిలోకి పోయేవాళ్ళు క్షేమంగా తిరిగిరావాలని కొమ్మ విరిచి వేసే కుప్ప ఒకటుంది దారి పక్కన. దానిమీద ఒకావిడ పచ్చకొమ్మ వేస్తోంది.

"లోపలికి పోతున్నావా అమ్మా?"

"నేనేడికి పోతానయ్యా? మావోడు బర్మా యుద్ధానికి పోయాడు. వాడి పేరున రోజూ వేస్తన్నా."

"కబురేమన్నా వచ్చిందా?"

"రాలా. దినం చెయ్యమంటన్నారు మావాళ్ళు. నేను చెయ్యను. వాడొచ్చిందాకా ఇక్కడ కొమ్మ ఎండకూడదు."

నాకు ఇలాంటి నమ్మకాల్లేవు. తలూపి వచ్చేశాను.

మరుసటేడు వెళ్తే కుప్పమీద కొమ్మలన్నీ ఎండిపోయి ఉన్నాయి. కొడుకే వచ్చాడో, ఆవిడే పోయిందో, అడగడానికి ఎవరూ లేరు. అవతల రైలు కూత వేస్తున్నా, పచ్చకొమ్మ ఒకటి విరిచి వేసిందాకా నేను కదల్లేదు.