పక్కింటి అక్క తుర్కీ రొట్టె

నా చిన్నప్పుడు, రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల లైన్ అంతా కాలుతున్న రొట్టె వాసన కమ్ముకుందంటే, పక్కింటి అక్క వాళ్ళ నాన్నను తలుచుకుంటోందన్నమాట. ఆయన పటాలంలో వంటవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇరాక్ వెళ్ళినప్పుడు అక్కడి తుర్కీ వంటవాడొకడు నేర్పిన రొట్టె అది. ఆయన పోయాక అక్క శ్రీకాకుళంలోని పుట్టింటి నుంచి ఏమీ తెచ్చుకోలేదు. ఈ రొట్టె చేయడమొక్కటే ఆమెకు మిగిలింది.

పులిసిన మైదా పిండిని అరచేతి మందాన పరిచి, వేళ్ళతో గుంటలు నొక్కి, పైన నల్ల జీలకర్ర చల్లేది. ఇసుక పోసిన డేక్సాను సిగ్డీ కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చేది. తీసిన రొట్టెను వెదురు బుట్టలో బాగా చల్లారనిచ్చి, పల్చటి గుడ్డలో చుట్టి దాచేది. తినేముందు నీళ్ళు చిలకరించి పెనం మీద వేడిచేస్తే అప్పుడే కాల్చినట్టుండేది.

మా లైన్ చివరింటి ఆవిడ ఒక మధ్యాహ్నం వచ్చి, తీయగా మాట్లాడి, పక్కన కూర్చుని అంతా నేర్చుకుంది. రొట్టె దించగానే వేడివేడిగా ఒకటి తిని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు తెలుగు ఆడవాళ్ళందరూ కూడినచోట అదే రొట్టె పంచి, వాళ్ళమ్మ నేర్పిందని చెప్పుకుంది. నేను ఉండబట్టలేక అది అక్క రొట్టె అని అరిచాను.

ఆవిడ నవ్వేసింది. "అరే, అదే నా దగ్గర నేర్చుకున్నాది. ఇప్పుడు వాళ్ళ నాన్నదని కహానీలు చెప్తన్నాది."

అందరూ అక్క వైపు దొంగను చూసినట్టు చూశారు. చనిపోయిన తండ్రిని కూడా అబద్ధాలకోరును చేసేసింది ఆవిడ. అక్క ఇంటికి వచ్చేసింది. ఆవిడ కిటికీ అద్దాలు పగలగొడతానని నేను రాయి తీశాను. అక్క నా చేతిలోంచి దాన్ని లాక్కుని దూరంగా విసిరేసింది.

"అద్దం ఇంకోటి వేయించుకుంటాది. నువ్వు చుప్‌గా ఉండు."

వినాయక చవితి దగ్గరపడింది. భిలాయి నుంచి వచ్చే తెలుగువాళ్ళకు తన రొట్టెతోనే నాష్తా అని ఆవిడ ఊరంతా చెప్పింది. అన్ని రొట్టెలు ఒక్కరోజులో కాలవు కదా, ముందే చేసి ఎలా దాచాలో అడగడానికి మళ్ళీ అక్క గుమ్మంలోకే వచ్చింది. జరిగిందేదీ గుర్తులేనట్టు నవ్వుతూ అడిగింది.

అక్క కూడా నవ్వింది. "తీసిన వెంటనే డబ్బాలో పెట్టి ఢక్కన్ బిగించీయండి వదినా. అప్పుడే మెత్తగా ఉంటాయి."

అది తప్పని నాక్కూడా తెలుసు. నోరు తెరవబోతే అక్క నా భుజం నొక్కింది.

ముసురు పట్టిన రోజులవి. చవితినాడు అతిథుల ముందు డబ్బా తెరిచేసరికి గుప్పుమని పులిసిన కంపు కొట్టింది. రొట్టెలన్నీ చెమ్మగిల్లి అంటుకుపోయి, పైన బూజు కట్టాయి. ఆవిడ వెంటనే అక్క మీదికి వేలు చూపించింది.

"ఇదే అలా దాచమన్నాది! నన్ను బద్నాం చేసింది!"

అక్క తను తెచ్చిన మూట విప్పి, మంచి రొట్టెలు బల్ల మీద పెట్టింది. "చెప్పాను వదినా. మీ అమ్మగారు నేర్పిన రొట్టే అయితే, నేను చెప్పింది తప్పని మీకు తెలియాలి కదా?"

ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. అక్క మాత్రం అందరికీ రొట్టె తుంచి పెడుతూ, "మా నాన్నది," అంది. అందరికీ అదే మాట చెప్పి పెట్టింది.

ఆవిడ కూతురు నా క్లాసే. తల్లి కొంగు పట్టుకుని అంతా చూసింది. ఆ తరవాత నా పక్కన కూర్చోవడం మానేసింది. అందుకు బాధపడ్డాను గానీ, అక్క చేసింది ఎక్కువని ఏనాడూ అనుకోలేదు.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. నేను రాసి పిల్లల చేత వేయించిన నాటకాన్ని ఒకాయన అందరి ముందూ తనదని చెప్పుకున్నాడు. గొంతు పెంచకుండా, ఆ నాటకం చివర్లో తల్లి ఎందుకు తలుపు తీయదో చెప్పమని అడిగాను. ఆయన నీళ్ళు నమిలాడు. ఈ వయసులోనూ, నాది ఎవరైనా లాక్కుంటే రక్తం మరుగుతుంది. అరవను. వాళ్ళు జవాబు చెప్పలేని ప్రశ్న దొరికేదాకా చుప్‌గా కూర్చుంటాను.