తమ్ముడు రాసిచ్చిన బోర్డు

మా ఇంట్లో కంప్యూటర్ మాట మొదట నా చదువు పేరు మీదే వచ్చింది. నేను గుంటూరులో ఎం.సి.ఏ.లో చేరి, ప్రత్తిపాడు నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చునేవాళ్లం. టైపు చేసే వంతు నాదాకా వచ్చేసరికి పీరియడ్ అయిపోయేది. ఒకరోజు అన్నం తింటూ ఆ సంగతి చెబితే నాన్న, "ఈసారి కాయలు అమ్మాక చూద్దాంలే అమ్మాయ్," అన్నాడు. మిరపకాయల్ని మావైపు ఉత్తి కాయలనే అంటాం.

ఆ మాటని నాకంటే గట్టిగా పట్టుకున్నది మా తమ్ముడు.

వాడికప్పుడు పదహారేళ్లు. ఆరేళ్లు వచ్చేదాకా అందరు పిల్లల్లాగే పరిగెత్తాడు. తర్వాత ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. నేల మీంచి లేవాలంటే మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఆనించుకుంటూ తన ఒంటి మీదే తను ఎక్కుతున్నట్టు లేచేవాడు. కండరాలు కరిగిపోయే జబ్బనీ, దీనికి మందు లేదనీ హైదరాబాద్‌లో డాక్టర్లు చెప్పారు. పన్నెండో ఏట చక్రాల కుర్చీలోకి వచ్చాడు. బడి ఆగిపోయింది. చేతులు మాత్రం ఇంకా పనిచేసేవి. చెయ్యి భుజం దాకా లేచేది కాదు గానీ, కుర్చీ మీద అడ్డంగా చెక్క పెడితే దాని మీద వేళ్లు బాగానే కదిలేవి.

బస్టాండు దగ్గర కంప్యూటర్ నేర్పే సెంటర్ ఒకటుండేది. ఆదివారాలు నాన్న వాణ్ని అక్కడికి తోసుకెళ్లేవాడు. అక్కడ ఒక కారు పందెం ఆట చూశాడు వాడు. వానలో పోయే కారు. అద్దం మీద చినుకులు పడుతుంటే వైపర్ తుడుస్తుంటుంది. ఇంటికొచ్చి ఆ చినుకుల గురించే చెప్పాడు. "నిజం వానలాగే ఉందక్కా. రోడ్డు మీద నీళ్లల్లో లైట్లు కూడా కనపడతన్నయ్."

గుంటూరులో పాత పుస్తకాల కొట్టు నుంచి వాడికి కంప్యూటర్ పత్రికలు తెచ్చేదాన్ని. ఇంగ్లీషు వాడికి అంతగా రాదు. ఒక్కో పేజీ పట్టుకుని, తెలియని మాట కింద గీత పెట్టుకుని, సాయంత్రం నేను బస్సు దిగి కాళ్లు కడుక్కునే లోపే అడిగేవాడు. ఆర్నెల్లలో నన్ను దాటిపోయాడు. నేను చదువుతున్నది కంప్యూటర్లే గానీ, డబ్బా లోపల ఏముంటుందో నాకు చెప్పింది వాడే. ఏ ప్రాసెసర్ ఊరికే వేడెక్కుతుందో, మెమరీ ఎంతుంటే ఆట ఆగిపోకుండా నడుస్తుందో, మా ఊరి కరెంటుకి ఎలాంటి యూపీఎస్ కావాలో, అన్నీ చెప్పేవాడు.

కాయలు అమ్ముడుపోయిన వారం వాడు లిస్టు రాశాడు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. నాలుగు లైన్లు రాసి చెయ్యి చెక్క మీద వాల్చి కాసేపు ఆగేవాడు. నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. అన్నిటినీ బిగించే పలక, మదర్‌బోర్డు, దాని పేరు రాసిన చోట కింద రెండు గీతలు గీశాడు.

"ఇది ముఖ్యం అక్కా. ఆటలో వాన నిజంలాగా కనపడాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి. అది ఇప్పుడు వద్దు, ఖరీదెక్కువ. వచ్చే పంటకి కొనుక్కుందాం. కానీ కార్డు పెట్టుకునే స్లాటు బోర్డు మీద ఇప్పుడే ఉండాలి. తెల్లవి వరసగా ఉంటయ్, వాటి పక్కన గోధుమరంగుది ఒక్కటే ఉంటుంది. ఆ స్లాటు లేకుండా కూడా బోర్డులు అమ్ముతారు. అది తీసుకుంటే ఇంక ఎప్పటికీ అంతే."

"సరేరా, నాకు తెలుసులే," అన్నాను.

"కొట్లో బిగించనివ్వొద్దు. విడివిడిగా డబ్బాల్లోనే తెండి. ఇంట్లో మనమే బిగిద్దాం."

గుంటూరులో మేం వెళ్లాల్సిన కొట్టు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఎత్తుకెళ్తాను రమ్మని నాన్న అన్నాడు. వాడే వద్దన్నాడు. "నన్ను మోస్తా మీరేం చూస్తారు నాన్నా? కాగితంలో అన్నీ ఉన్నయ్‌గా."

కొట్టాయన మంచి మనిషి. లిస్టు చూసి, "ఎవరు రాశారండీ ఇది? మా కుర్రాళ్లకి కూడా ఇంత తెలీదు," అన్నాడు. నాన్న ముఖం వెలిగింది. నాన్నకి వాటిల్లో తెలిసింది కీబోర్డు ఒక్కటే. కొట్లో ఉన్న కీబోర్డులన్నీ వరసగా పెట్టించుకుని, చిటికెన వేలితో ఒక్కో మీట నొక్కి చూశాడు. "ఇంకా మెత్తగా ఉన్నది లేదా అండీ? మా వాడికి బలం తక్కువ," అని ఆయన్ని అడుగుతూనే ఉన్నాడు. మౌసుల్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

మదర్‌బోర్డు దగ్గరకొచ్చేసరికి కొట్టాయన నన్నడిగాడు. "కంప్యూటర్ ఎవరికమ్మా, మీ చదువుకేనా?"

"అవునండీ."

"చదువుకైతే ఈ బోర్డు ఎందుకు? ఇంకోటుంది. గ్రాఫిక్స్ అందులోనే వస్తుంది. స్లాటు ఉండదు, అంతే తేడా. మిగిలిన డబ్బుకి కాస్త కలిపితే ప్రింటర్ వచ్చేస్తుంది. ప్రాజెక్టు చేసేటప్పుడు మీకు అదే పనికొస్తుంది."

నేను ఆలోచించలేదని చెప్పను. ఆలోచించాను. నా చేతిలో కాగితం ఉంది, రెండు గీతలు కనిపిస్తున్నాయి. క్లాసులో ఇంట్లో ప్రింటర్ ఉన్న అమ్మాయిలు ఇద్దరే. వాళ్ల రికార్డులు చూసి సార్లు మెచ్చుకునేవారు. వాడికి ఏదో ఒక ఆట నడిస్తే చాలదా, ఇది నా చదువు కోసం కొంటున్నది కదా అనుకున్నాను. నాన్న వైపు చూశాను. నాన్న నా చేతిలో కాగితం వంక చూసి, మళ్లీ కీబోర్డుల వైపు తిరిగాడు.

"ఆ రెండోదే ఇవ్వండి," అన్నాను.

ఇంటికొచ్చేసరికి వాడు వసారాలోకి కుర్చీ తోయించుకుని కూర్చున్నాడు. పొద్దున్నే తలస్నానం చేయించుకుని, ఉతికిన చొక్కా వేయించుకున్నాడట. ముందు ప్రింటర్ పెట్టె చూసి, "ఇదేంది, లిస్టులో లేదుగా?" అన్నాడు నవ్వుతూ. తర్వాత మదర్‌బోర్డు డబ్బా ఒళ్లో పెట్టించుకుని తనే తెరిచాడు. కవరు చింపి బోర్డు బయటికి తీసి చూశాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. చెక్క మీద పెట్టి తెల్ల స్లాట్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటించాడు. చివర్న వేలు ఆగిపోయింది.

"అక్కా, గోధుమరంగుది ఏదీ?"

"నువ్వు రాసిన బోర్డు స్టాకు లేదంటరా," అన్నాను. ముందుగా అనుకున్న అబద్ధం కాదు. నోట్లోంచి అలా వచ్చేసింది. నాన్న పెరట్లోకి వెళ్లిపోయాడు.

వాడు బోర్డు వంకే చూస్తూ, "వచ్చిందాకా ఆగాల్సింది," అన్నాడు. బోర్డుని చెక్క మధ్యకి జరిపి, "ఏం కాదులే. బిగిద్దాం పట్టు," అన్నాడు.

వాడు చెబుతుంటే నేను బిగించాను. మెమరీ ముక్క మాత్రం తనే పెడతానన్నాడు. రెండు బొటనవేళ్లు ఆనించి నొక్కాడు. వాడి బలం చాల్లేదు. నా వేళ్లు వాడి వేళ్ల మీద పెట్టి నొక్కాను. టక్కుమని కూర్చుంది. తెర మీద అక్షరాలు వచ్చాక అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి చూసింది.

కారు ఆట ఎక్కించాం. కారు ముందుకు పోయేది గానీ, కుంటుతున్నట్టు ఆగి ఆగి పోయేది. వాన లేదు. అద్దం మీద చినుకులు పడాల్సిన చోట తెల్ల మచ్చలు కదిలేవి. వాడు పది నిమిషాలు ఆడి, "బాగానే ఉంది," అన్నాడు.

తర్వాత వారం రోజులు కంప్యూటర్ జోలికి రాలేదు. మెడ నొప్పిగా ఉందన్నాడు. నేను నమ్మాను. నమ్మి, ఆ వారమంతా హాయిగా దాని ముందు కూర్చుని నా ప్రోగ్రాములు చేసుకున్నాను. ప్రింటర్ మీద తీసిన మొదటి కాగితం తీసుకెళ్లి వాడికే చూపించాను. అక్షరాలు బాగా పడ్డాయన్నాడు.

ఆ తర్వాతి పంట అనుకున్నట్టు రాలేదు. పత్తికి పురుగు పట్టింది, కాయలు తెల్లబడి తాలు పోయాయి. వాడు కార్డు మాట ఎత్తలేదు. నా చదువు అయ్యాక గుంటూరులోనే ఒక కాలేజీలో ల్యాబు చూసే ఉద్యోగం దొరికింది. మొదటి జీతం రాగానే అదే కొట్టుకు వెళ్లాను. వాడు అప్పుడు రాసిచ్చిన బోర్డే, ఇంకా మంచి గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. ఈసారి నేనొక్కదాన్నే కూర్చుని బిగించాను. ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా వచ్చేసింది.

ఆట మొదలైంది. వాన కురిసింది. సెంటర్లో చూసిన దానికన్నా బాగా కురిసింది. వైపర్ తుడుస్తోంది. వాడి చెయ్యి తీసి మౌసు మీద పెట్టాను. నాన్న వెతికి వెతికి తెచ్చిన తేలికపాటి మౌసే. వేళ్లు దాని మీద పడుకున్నాయి. కదపబోయాడు. ముఖమంతా ఎర్రబడింది గానీ మౌసు కదల్లేదు. కీబోర్డు ఒళ్లో పెట్టాను. ఒక మీట దిగింది, రెండోది దిగలేదు.

"నువ్వాడు అక్కా," అన్నాడు. "నేను చెబుతా."

అట్లాగే ఆడాం. ఎడమ, ఎడమ, బ్రేకు, ఇప్పుడు వదులు. చెప్పిన దానికి నా చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం. కారు గోడకి గుద్దుకునేది. "అబ్బా, అక్కా!" అనేవాడు. నవ్వేవాడు. రెండేళ్లు ఆదివారాలు అలాగే గడిచాయి. చివరి నెలల్లో మాట కూడా మెల్లగా వచ్చేది. వాడు ఎడమ అనేలోపు మలుపు దాటిపోయేది. తర్వాత తర్వాత వాడు ఊరికే చూసేవాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఆసుపత్రిలో నాలుగు రోజులుండి పోయాడు. ఇరవయ్యొకటో ఏడు నిండలేదు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్లకి అమ్మా నేనూ వాడి గుడ్డలు సర్దుతున్నాం. బోర్డు స్టాకు లేదని నేను చెప్పిన సంగతి అమ్మ దగ్గరైనా ఒప్పుకోవాలనిపించి మొదలుపెట్టాను. సగంలోనే అమ్మ ఆపింది.

"వాడికి తెలుసు."

"ఏం తెలుసు?"

"మీరు తెచ్చిన రెండో రోజే. నువ్వు కాలేజీకి వెళ్లావు. బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యమన్నాడు. చేసి చెవి దగ్గర పెట్టాను. స్టాకు ఎప్పుడొస్తదండీ, మార్పిస్తారా అనడిగాడు. స్టాకు ఉందిగా బాబూ, మీ అక్కే వద్దందన్నాడంట ఆయన. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఏమన్నాడమ్మా?"

అమ్మ చొక్కా మడత పెడుతూనే ఉంది. "ఏమంటాడు. అక్క చదువుకు కొన్నది కదమ్మా అన్నాడు. ఏడ్చాడు. ముఖం తుడవమంటే తుడిచాను."

ఆ వారం మెడ నొప్పి ఏమిటో నాకప్పుడు అర్థమైంది. ఇప్పుడు వాడి ముందు కూర్చుని చెప్పుకోవడానికి వాడు లేడు. నాలుగేళ్లు రోజూ ఎదురుగానే ఉన్నాడు, అప్పుడు చెప్పలేదు.

వసారాలోకి వచ్చాను. నాన్న మంచం మీద కూర్చున్నాడు. మా మాటలు విన్నాడని ముఖం చూస్తే తెలిసింది.

"పక్కనే ఉన్నాగా నేనూ," అన్నాడు నాన్న. "ఆ రెండు గీతలు నేను కూడా చూశా. నీ ముచ్చట కాదనలేకపోయా."

మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. వెళ్లి కూర్చున్నాను. అమ్మ అన్నానికి పిలిచేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.