గుర్రానికి నీళ్ళు ఎవరు పట్టారు?

పోయిన వేసవిలో మనవరాలు ఒక ఇంగ్లీషు నవల తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "చదువు తాతా, మొత్తం ఆవిరి మిషన్లే" అంది. నేను నాలుగో తరగతిలో బడి మానేసి, సికింద్రాబాద్‌లో రైలు ఇంజన్లకు బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవర్‌నై రిటైరైనవాణ్ణి. ఆవిరి గురించి ఎవరేం రాసినా ముందు నన్నడగాలని నా ఉద్దేశం. ఎవరూ అడగలేదు.

ఆ నవలలో కొండను తొలిచి కట్టిన ఒక బడి. అందులో పిల్లలకు గూఢచర్యం నేర్పుతారు. తలుపులు, మంచాలు, చివరికి గంట కొట్టడం కూడా ఆవిరితోనే. కథానాయికకు పద్నాలుగేళ్ళు. కడుపులో బాయిలర్ ఉన్న ఇనుప గుర్రం మీద శత్రువుల నుంచి మూడు రోజులు పరుగెత్తుతుంది. దానికి ఒక్కరూ నీళ్ళు పట్టరు. మా ఇంజను కాజీపేట చేరేలోపే నీళ్ళు అడిగేది. ఆ పిల్ల బొగ్గుగదిలో గంటసేపు దాక్కుని తెల్లగౌనుతో బయటికి వస్తుంది. డ్యూటీ దిగాక నా చెవుల్లోంచి రెండు రోజులు మసి వచ్చేది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. డ్రైవర్ ఇంజను దిగగానే రిపేర్ల పుస్తకంలో లోపాలన్నీ రాసి సంతకం పెట్టాలి. పెన్సిల్ పనికిరాదు, ఎవరైనా తుడిపేస్తారు. ఫిట్టర్ బాగుచేసి కింద సంతకం పెడితేగాని ఇంజను బయటికి పోదు. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ పుస్తకం నేర్పిందే. అందుకని ఏది చదివినా చేతిలో పెన్ను ఉంటుంది. ఈ నవల అంచుల్లోనూ లోపాలు వరసగా రాశాను, ఒక్కోదాని కింద సంతకం పెట్టాను.

ఆఖరి పేజీలో ఆ పిల్ల, ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వును తన రిబ్బనుతో కట్టేసి వంతెన మీదికి గుర్రాన్ని తోలింది. అక్కడితో మొదటి భాగం అయిపోయింది. 'ఇది నేరం' అని రాసి సంతకం పెట్టాను. బాయిలర్ సంగతి చూద్దామంటూ, రెండో భాగం ఎక్కడుందని మనవరాలిని మామూలుగానే అడిగాను.

ఆమె పేజీలు తిప్పి చూసింది. "ఏంది తాతా గిది? పుస్తకమంత గీకి పెట్టినవ్."

"గీకలే బిడ్డా. లోపాలు రాసిన."

"నిన్నెవరడిగిన్రు? ఇది నాది కాదు, మా ఫ్రెండ్‌ది. పేజీ జెర మడత వడ్డా మల్ల ఇయ్యదది. రెండో భాగం సుత దాని దగ్గర్నే ఉంది."

"రబ్బరు తే, తుడుస్త."

"బాల్‌పెన్ను తాతా."

మర్నాడు మా సీతాఫల్‌మండి ఇంటి నుంచి మారేడ్‌పల్లికి ఆటోలో నన్ను నేరస్థుణ్ణి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళింది. దారంతా క్షమాపణ వల్లె వేసుకున్నాను. ఆ స్నేహితురాలి వాళ్ళది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తల్లి కాఫీ ఇచ్చింది. ఆ పిల్ల అట్ట వేసిన తన పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసింది. క్షమాపణ చెబుదామని నోరు తెరిస్తే, "గుర్రానికి నీళ్ళెవరు వట్టిన్రమ్మా?" అని వచ్చింది.

మనవరాలు తల పట్టుకుంది.

"నాకూ తెలీదు తాతగారూ" అంది ఆ పిల్ల. "వాల్వు కట్టేస్తే నిజంగా పేలిపోతుందా?"

"పేలక? గుర్రం తునకలైతది, వంతెన సుత మిగలది."

"అయితే రెండో భాగంలో ఏమైందో తెలుసా..."

"చెప్పకు" అన్నాను. అవసరమైనదానికన్నా గట్టిగానే అన్నట్టున్నాను. ఇద్దరూ నా వంక చూశారు.

"బాయిలర్ ముచ్చట కోసమే అంట" అంది మనవరాలు. "గుర్రం మీది పిల్లకేమైందని కాదంట."

ఆ పిల్ల లోపలికి వెళ్ళి రెండో భాగాన్ని, ఒక కొత్త నోటుబుక్కును తెచ్చింది. "మీరు ఇందులో రాయండి. పుస్తకం మీద చుక్క పడితే మూడోది ఇవ్వను."

మూడోది ఉందని అంతవరకు నాకెవరూ చెప్పలేదు. కాఫీ చల్లారకముందే నా బలహీనత పసిగట్టిన ఈ పిల్లకు ఏ గూఢచారి బడీ అక్కర్లేదు. సరేనని మాట ఇచ్చాను.

రెండో భాగం నాలుగో పేజీలోనే నీళ్ళు చూడకుండా బాయిలర్ కింద నిప్పు రాజేశారు. నోటుబుక్కు అలమరలో ఉంది. చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. మనవరాలు పొద్దున్నే పెన్ను తీసేసుకుంది.