హక్కులు వినిపిస్తే గానీ నోరు విప్పనన్న రోజు

ఉద్యోగం కొత్త, మీసం కొత్త, చట్టం మీద గౌరవం మరీ కొత్త అయిన ఆ రోజుల్లో, ప్రతి పనికీ ముందుగా నెరవేరవలసిన షరతు ఒకటి ఉంటుందనీ, అది నెరవేరనిదే రెండో అడుగు వేయకూడదనీ నేను దృఢంగా నమ్మేవాణ్ణి. హైటెక్ సిటీలోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా పని. ఇతరుల తప్పులు పట్టుకున్నందుకు జీతమిస్తారు. ఆ జబ్బును సాయంత్రం ఆఫీసులోనే వదిలి రావాలని మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటికి వచ్చాక విదేశీ పోలీసు సీరియళ్లు చూసేవాణ్ణి. వాటిలో దొంగ చేతికి బేడీలు పడగానే పోలీసు, "నీకు మౌనంగా ఉండే హక్కుంది" అని మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా అన్నీ అప్పజెబుతాడు. (ఎంత క్రమశిక్షణ గల దేశమో అనుకుని మురిసిపోయేవాణ్ణి.)

అప్పట్లో నల్లగండ్లలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఒక శనివారం ఉదయం నేను ఆవిడ తెల్ల స్కూటరు వేసుకుని బోరబండ రైల్వే స్టేషనుకు వెళ్లి, స్నేహితుణ్ణి రైలెక్కించి, పార్కింగులోంచి బండి తీసి, దారిలో తీరిగ్గా టిఫిను చేసి మదీనాగూడ చేరేసరికి ట్రాఫిక్ పోలీసు ఆపాడు. నంబరు చూశాడు, ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు, నన్నూ బండినీ ఠాణాకు తీసుకెళ్లాడు. అక్కడి ఎస్సై కుర్చీ చూపించి, టీ తెప్పించి, నెమ్మదిగా అడిగాడు.

"ఈ బండి ఎవరిది తమ్మీ?"

'మా అత్తయ్యది' అంటే సరిపోయేది. కానీ ఉద్యోగం ఖాయం చేసే ముందు మా కంపెనీవారు నా పూర్వాపరాలు విచారించే సమయమది. పోలీసు కేసు ఒకటి బయటపడితే ఇక ఇంటికే. ప్రతి మాటా తిరిగి నా మెడకే చుట్టుకుంటుందని సీరియళ్లు నేర్పాయి గనుక, గొంతు సవరించుకుని అన్నాను:

"ముందు నా హక్కులు నాకు వినిపించండి సార్. ఆ తర్వాతే ప్రశ్నలు."

"ఏంది?"

"మౌనంగా ఉండే హక్కు, ఇంకా..."

"ఉన్నది. ఎవరొద్దన్నరు? గని అడిగే ముందు అన్నీ సదివి వినిపియ్యాలని ఈడ రూలు లేదు. అరెస్టు చేస్తే ఎందుకు చేసినమో చెప్పాలె, చెప్తం. నిన్ను అరెస్టు చెయ్యలే. ఉత్తగ అడుగుతున్న."

"వినిపించనిదే మాట్లాడలేను సార్."

వెనక బెంచీ మీద నర్సు యూనిఫాంలో కూర్చున్న ఒకావిడకు ఓపిక నశించింది. "సార్, నాకు డ్యూటీకి టైమైతుంది. ఈ పిలగానికి ఏమేం హక్కులున్నయో అన్నీ ఇచ్చేసి నా బండి నాకిప్పియ్యిండ్రి!"

నా బండి! అత్తయ్య స్కూటరును ఈవిడ తనదంటోంది! ఇందులో ఏదో కుట్ర ఉందని నిర్ధారించుకుని పెదవులు మరింత బిగించాను. ఎస్సై నవ్వాపుకుంటూ లేచి, టోపీ సరిచేసుకుని, వార్తలు చదివే ఫక్కీలో అందుకున్నాడు.

"విను. నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పాలని ఎవరూ బలవంతం చెయ్యరాదు. అరెస్టు చేస్తే కారణం చెప్తం. వకీలుతోని మాట్లాడొచ్చు. ఇగ అరెస్టు సంగతి మీ ఇంట్ల మేమే ఫోన్ చేసి చెప్పాలె. చెప్పు, ఎవరికి చెయ్యాలె?"

అంతవరకూ తృప్తిగా తల ఊపుతున్నవాణ్ణి అక్కడ ఆగిపోయాను. ఇంట్లో అంటే అత్తయ్య.

"సార్, నన్ను అరెస్టు చేయలేదు కదండీ?"

"చెయ్యలే."

"మరైతే ఈ హక్కులు నాకు వర్తించవు కదండీ."

"ఇంతసేపు కావాలె కావాలె అని కొట్లాడితివి!" అని పకపకా నవ్వింది నర్సుగారు. అదే ఊపులో, "సార్, స్టేషన్ పార్కింగుల నా బండి పోయిన కాడ అచ్చం గిసొంటి తెల్ల బండే ఒకటున్నది. నా తాళం పెడితే తిరిగింది గూడ. నంబరు చూసి నాది కాదని ఇడ్సిపెట్టిన. ఆ నంబరు రాసుకొచ్చిన, చెప్పనిస్తే గద! వచ్చినకాంచి ఈయన హక్కులే నడుస్తున్నయి" అంది.

ఎస్సై ఆ నంబరు కంప్యూటరులో చూసి, యజమానికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "ఎవరండీ?" అన్న గొంతు విని నా వెన్ను దానంతటదే నిటారయింది. సంగతి విన్నాక అత్తయ్య ఫోను నాకిమ్మంది.

"ఒరేయ్, ఎక్కేముందు నంబరు చూశావా?"

"లేదత్తయ్యా."

"తాళం తిరిగిందని ఎక్కేశావా?"

"అవునత్తయ్యా."

"నీ పక్కనే నా బండి ఉంది కదరా, కనబడలేదూ?"

"లేదత్తయ్యా."

"పోనీ, వాళ్లు అడిగినప్పుడైనా బండి నాదని ఎందుకు చెప్పలేదురా?"

ఎస్సై వైపు దీనంగా చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అత్తమ్మ ముందు మౌనంగుండే హక్కు నడ్వది తమ్మీ."

కేసు ఇంకా నమోదు కాలేదు. నర్సుగారు ఆ అవసరం లేదన్నారు. "అరిగిన తాళాలు గట్లనే చేస్తయి. జర నంబరు చూసి ఎక్కు తమ్మీ" అని తన బండి మీద వెళ్లిపోయారు. హక్కులు వినిపించలేదని నేను పోట్లాడినంతసేపూ ఎస్సై నా మీద ఒక్క కేకైనా వేయలేదని టీ కప్పు ఖాళీ చేస్తున్నప్పుడు గాని నాకు తట్టలేదు.

తరువాత కంపెనీ తరఫున ఎవరో ఫోన్ చేసి, నా నడవడి ఎలాంటిదని అత్తయ్యను అడిగారు. నేను తలుపు పక్కనే నిలబడ్డాను. "నెమ్మదస్తుడండీ" అంది ఆవిడ, నా కళ్లలోకే చూస్తూ. "అడిగినా నోరు విప్పడు."

ఉద్యోగం ఖాయమైంది. సమావేశాల్లో నేను ఎవరినీ మాట్లాడనివ్వనని ఇప్పుడు నా జట్టులోని పిల్లలు చాటుగా అనుకుంటారట. కాదనలేను. అలాంటి సమావేశం ముగిసి పార్కింగుకు వచ్చి, తాళం తీసే ముందు నంబరు పలక చూసుకుంటున్నప్పుడు, తనను విడిపించే ఒక్క మాటనూ అంత భద్రంగా దాచుకుని కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి మౌనంలో కాస్తయినా నాకు మిగిలి ఉంటే బాగుండేదనిపిస్తుంది.